ఎడమ వైపు పేజీ

మళ్ళీ నొక్కాడు, నేనింకా ఏమీ మోగించనే లేదు, బల్ల మీది చిన్న దీపం వెలిగి ఆరింది, అద్దం అవతల గదిలో ఆ పెద్దాయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకొని, గుప్పిట్లో మీట పట్టుకొని, క్లాసులో మొదటి ర్యాంకు తనదే అన్నట్టు నావంక చూస్తున్నాడు, పద్ధెనిమిదేళ్ళుగా ఇదే కుర్చీ, ఇదే అద్దం, ఆసుపత్రికి వచ్చినవాళ్ళ చెవులు పరీక్షించడం తప్ప ఇంకో పని తెలియదు నాకు, ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు, మధ్యమధ్యలో కావాలనే ఏమీ మోగించకుండా కాసేపు ఆగుతాం, అక్కడే దొరికిపోతారు, ఇది నాలుగోసారి, కాగితం అంచున నాలుగో గీత గీశాను, గీస్తూ గోడ గడియారం చూశాను, చూడకూడదని అనుకుంటూనే చూశాను, పదీ ఇరవై, మైకు నొక్కి బాబాయిగారూ అన్నాను, శబ్దం వినబడితేనే నొక్కాలండీ, వినబడిందమ్మా అన్నాడు, లేదండీ నేను మోగించలేదు, మోగించలేదా, మరి నాకెట్లా వినబడింది, అని నిజంగానే ఆశ్చర్యపోయాడు, కాగితం మీద వృత్తి దగ్గర గడియారాల మరమ్మతు అని ఉంది, యాభై ఏళ్ళు టిక్కుటిక్కులు విన్న చెవులు, ఇప్పుడు వినబడనివి కూడా వినేస్తున్నాయి, నవ్వొచ్చింది, నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది, నవ్వడానికి నాకేం హక్కుందని, శనివారం సాయంత్రం నేను చేసిందేమిటి.

చూడండి బాబాయిగారూ, మళ్ళీ చెప్తాను, లీలగా వినబడినా సరే, వినబడిందో లేదో అని అనుమానంగా ఉన్నా సరే, నొక్కెయ్యండి, అంతేగాని వినబడాల్సిందేనని మనసులో అనుకొని నొక్కకండి, ఈ మాట రోజుకి పదిసార్లు చెప్తాను, నిద్రలో లేపి అడిగినా చెప్తాను, అలాగేనమ్మా అలాగే అంటూ గట్టిగా తలాడించాడు, అంత గట్టిగా తలాడించేవాళ్ళని అస్సలు నమ్మకూడదు, సన్నటి మోత ఒకటి వదిలాను, నొక్కలేదు, కొంచెం పెంచాను, నొక్కలేదు, ఇంకొంచెం, అంతలో సొరుగులో ఫోన్ బుర్రుమంది, తీయకూడదు, పరీక్ష మధ్యలో ఫోన్ తీయకూడదని కొత్తగా చేరినవాళ్ళకి క్లాసు పీకేది నేనే, తీశాను, పై అంతస్తు రిసెప్షన్ అమ్మాయి, మేడమ్, మీ అక్కగారు సూది పరీక్షకి రావట్లేదంట కదా, ఇందాకే ఫోన్ చేసి చెప్పారు, పదకొండున్నర టైము ఖాళీగా ఉంది, వేరేవాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చెయ్యనా, మీరే రాయించారని అడుగుతున్నా, పదకొండింటి దాకా ఆపగలను, ఆ తర్వాత నావల్ల కాదు, డాక్టరు గారు రేపట్నుంచి నెలన్నర సెలవు, చెప్తానమ్మా అన్నాను, ఏం చెప్తానో నాకే తెలియదు, సొరుగు మూస్తే వేలు నలిగింది.

అక్క మెడ మీద, కుడి చెవి కింద, మూడు నెలల క్రితం బఠాణీ గింజంత గడ్డ ఉండేది, ఇప్పుడు గోళీ అంత, చేత్తో పట్టుకుంటే జరగదు, చెవులూ మెడా నాకు కొత్త కాదు, అందుకే అది నా వేళ్ళకి తగలగానే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను, డాక్టరేమో సూది పెట్టి చూస్తేగాని ఏమీ చెప్పలేం అన్నాడు, అక్కకేమో సూదంటే చచ్చేంత భయం, ఏడుగురికి వండి వార్చగల మనిషి, మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి, సూది అనగానే చిన్నపిల్లయిపోతుంది, సూది కాదే, ఆ తర్వాత వాళ్ళు చెప్పే మాటంటే భయం అంది ఒకరోజు, చిన్నప్పుడు నాకు చెవిపోటొస్తే ఒక చెవికి వెచ్చటి గుడ్డ కాచిపెట్టి రెండో చెవిలో కథలు చెప్పేది, నొప్పి ఈ చెవిలో, కథ ఆ చెవిలో, ఏది గెలుస్తుందో చూద్దాం అనేది, కథే గెలిచేది, ఎప్పుడూ కథే గెలిచేది, ఈ అక్కకా నేను అలా చెప్పింది.

అంతా ఆ నోటుపుస్తకంతో వచ్చింది, కాదు, పుస్తకం ఏం చేసింది పాపం, పాస్టరు గారు మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు, సన్నగా రివటలా ఉంటారు, మాటకీ మాటకీ మధ్య ఒక కాఫీ తాగి రావచ్చు, అంత నిదానం, ఇన్నేళ్ళూ దేవుడికి మనమే చెప్పాం కదా, ఇక ఆయన చెప్పేది వినడం నేర్చుకుందాం, రోజూ పొద్దున్నే పావుగంట నోరు మూసుకొని కూర్చోండి, ఎడమ వైపు పేజీలో మీ మనసు లొడలొడా వాగిందంతా రాసి పక్కన పెట్టెయ్యండి, కుడి వైపు పేజీలో ప్రభువు చెప్పాడనిపించింది రాయండి, అన్నారు, లొడలొడ అనగానే అక్క నన్ను మోచేత్తో పొడిచింది, చిన్నప్పట్నుంచీ ఇంట్లో నా పేరే లొడలొడ, నోరు మూసుకొని కూర్చోమంటే జ్వరమొచ్చేది నాకు, అయినా కూర్చున్నాను, ఆరు వారాలు, వంటగదిలో, వెనక్కి వాలని కుర్చీలో, ఫ్రిజ్ మోత, అది ఆగితేగాని అప్పటిదాకా మోగిందని తెలియదు, కుళాయి చుక్క, పైపులవాడిని పిలవాలి, స్నానాల గదిలో మా ఆయన వీధి చివరిదాకా వినబడేట్టు పుక్కిలింత, ఈ మనిషికి దేవుడు గొంతులో ఏం పెట్టాడో, ఇవన్నీ ఎడమ వైపు, పేజీలకి పేజీలు ఎడమ వైపు, కుడి వైపు తెల్లగా, ఉతికి ఆరేసిన దుప్పటిలా.

శనివారాల్లో ప్రార్థన కూటం మా టైలరమ్మ ముందుగదిలో, కుట్టుమిషన్లు గోడకి జరిపి, గుడ్డముక్కలు ఊడ్చి, ఎనిమిది మందిమి గుండ్రంగా కూర్చుంటాం, ఒక్కొక్కరం కుడి వైపు పేజీ చదవాలి, టైలరమ్మ పేజీలో అంచులు కూడా మిగలవు, ప్రభువు ఆవిడతో దారం రంగు గురించి కూడా మాట్లాడతాడు, మొదటి వారం నవ్వొచ్చింది, రెండో వారం నవ్వు రాలేదు, మూడో వారానికి కుళ్ళు మొదలైంది, అవును కుళ్ళే, దేవుడి దగ్గర దాచేదేముంది, నాలుగో వారం నాకేం వినబడలేదండీ అంటే పర్వాలేదు సిస్టర్ అన్నారందరూ, ఆ పర్వాలేదు నాలుగో వారానికి ఒకలా ఉంది, ఆరో వారానికి ఇంకోలా ఉంది, పోయిన శనివారం నా వంతు వచ్చింది, పక్కన అక్క, మెడ చుట్టూ కొంగు కప్పుకొని, ఎవరికీ కనబడకుండా ఆ గోళీని వేలితో తడుముకుంటూ, నావంక చూసింది, నీతో కూడా ఏమీ చెప్పలేదా అన్నట్టు, నేను పుస్తకం తెరిచాను, తెల్లటి పేజీ, తల దించి, చదువుతున్నట్టుగా, అక్క గురించి అన్నాను, భయపడొద్దన్నాడు, అది ఏమీ కాదన్నాడు, అంతే, రెండు ముక్కలు, నా నోటి నుంచి ఎంత సాఫీగా వచ్చాయో, ఎవరూ మోగించలేదు, నేను నొక్కేశాను.

గదంతా స్తోత్రం స్తోత్రం, టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది, అక్కయితే నా భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది, నా జాకెట్టు భుజం తడిసింది, ఆ తడి ఇంటికెళ్ళేదాకా ఆరలేదు, పోనీలే, భయం తగ్గింది కదా, తగ్గిన భయంతో వెళ్ళి సూది పెట్టించుకుంటుంది, మంచే చేశాను, అని సర్దిచెప్పుకున్నాను, ఎంత తెలివి, సోమవారం అక్కే ఫోన్ చేసింది, నేనిక సూదికీ గీదికీ వెళ్ళనే, దేవుడే చెప్పాక డాక్టరు చెప్పేదేంటి, వేరే ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు, టైలరమ్మ అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేదాన్ని, నువ్వు కాబట్టి నమ్మాను, ఆరు వారాలు అందరి ముందూ ఖాళీ పేజీ చూపించి వినబడలేదని చెప్పినదానివి, ఉత్తపుణ్యానికి అనే మనిషివి కాదు, ఎన్నాళ్ళకో కంటి నిండా నిద్రపోయానే లొడలొడా, అంది, ఆ నిజం చెప్పిన ఆరు వారాలే ఈ అబద్ధానికి సాక్ష్యం పలికాయి, అప్పుడే చెప్పాల్సింది, ఆఁ సరే అక్కా అని పెట్టేశాను.

అమ్మా, బాబాయిగారు అద్దం తడుతున్నాడు, ఎంతసేపైందో, నేను మోగించడం ఆపేసి కూర్చున్నాను, ఆయనేమో పాపం ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు, పదీ ముప్పై ఐదు, లేచి లోపలికి వెళ్ళాను, హెడ్‌ఫోన్లు సరిచేస్తున్నట్టుగా, ఆ బరువు తలుపు మూసుకుంది, బయటి చప్పుడంతా తెగిపోయింది, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, అమ్మా, కాగితం మీద ఉన్నదున్నట్టు రాస్తావా, రాస్తానండీ, చెవుడని రాస్తావా, అద్దంలోంచి చూపించాడు, బయట బెంచీ మీద పెద్దావిడ, మణికట్టుకి పిండికట్టు, ఒళ్ళో చేతిసంచి, మా ఆవిడ అన్నాడు, పోయిన నెల స్నానాల గదిలోంచి పిలిచిందమ్మా, వినబడీ వినబడనట్టు ఉంది, ఏంటీ అని అడిగితే చెవుడొచ్చిందని ఎక్కడ అంటుందో అని, ఆఁ సరే అన్నాను, ఏళ్ళుగా ఆవిడ ఏమన్నా నాది ఆఁ సరేనే, ఆ రోజు ఆవిడ జారి పడిందమ్మా, పడి పిలిచింది, నేను ఆఁ సరే అన్నాను కదా, వస్తున్నాననుకొని ఇంకెవర్నీ పిలవలేదు, ముప్పావుగంట తడి నేల మీదే ఉంది, నేనేమో అవతల గదిలో గడియారం విప్పుకొని కూర్చున్నాను, నేను పలకకపోయుంటే పక్కింటివాళ్ళని కేకేసేది కదమ్మా, పలికి చంపాను, అంటూ చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు, ఇప్పుడైనా పాసైతే ఆవిడ దగ్గర మొహం చెల్లుతుందని ఇలా నొక్కుతున్నా, ఏమనుకోకు.

ఏమీ అనుకోలేదు, అనుకోవడానికి నాలో చోటు లేదు, మీరు పది నిమిషాలు అమ్మగారి దగ్గర కూర్చోండి, మిషను చూసుకోవాలి అని బయటికి పంపి, తలుపు వేసుకొని ఆయన కుర్చీలోనే కూలబడ్డాను, ఇంకా వెచ్చగా ఉంది, ఈ గదిలో ఎంత నిశ్శబ్దమంటే కొందరికి కళ్ళు తిరుగుతాయి, గుండె చప్పుడు, మింగిన గుటక, కనురెప్ప పడినా తెలుస్తుంది, దేవుడు మాట్లాడితే ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంది, ప్రభువా, నువ్వే చెప్పు, ఒక్క మాట, ఇప్పుడే, నాకు టైము లేదు, నేను నిజంగానే అబద్ధం చెప్పానా, ఒకవేళ ఆ మాట నువ్వే నా నోట్లో పెట్టావేమో, ఇప్పుడు భయపడి కాదంటే అది అవిశ్వాసం అవుతుందేమో, అది ఏమీ కాని గడ్డే కావచ్చు కదా, నూటికి తొంభై ఏమీ కానివే ఉంటాయి, అలా అయితే ఎవరికీ తెలియాల్సిన పనే లేదు, అక్కకి ఫోన్ చెయ్యి, అబ్బా ఉండు, అక్క సంగతి కాదు, ప్రార్థనలో ఉన్నాను, మనసు ఎటో పోతోంది, ప్రభువా, నా మనసుని అదుపులో పెట్టు, నీ స్వరం వినబడనియ్యి, చెప్తే అక్క మొహం మళ్ళీ చూడగలనా, కూటంలో తలెత్తగలనా, పాస్టరు గారు ఏమంటారు, ఆయనేమీ అనరు, మాటకీ మాటకీ మధ్య అంతసేపు ఆగుతారు, దాన్ని భరించలేను, అక్కకి ఫోన్ చెయ్యి, ఛ, ఒక్క నిమిషం స్థిమితంగా ఉండనీదు ఈ వెధవ మనసు, ఐదు రోజులుగా ఇంతే, కుర్చీలో కూర్చోగానే ఇదే నస, ప్రభువా, చెప్పవా, చెప్పవు, సరే, ఎప్పుడు చెప్పావు గనక, లేచాను, మోకాలు కుర్చీకి కొట్టుకుంది.

పదీ యాభై, బెంచీ మీద ఆయన ఆవిడ కట్టు చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు, ఆవిడ ఏదో అంది, ఆయన అలవాటుగా ఆఁ అని, ఆగి, ఆవిడ వైపు తిరిగి, ఏమన్నావు, వినబడలేదు అన్నాడు, ఆ మాట నాకు మెట్ల దాకా వినబడింది, మెట్ల కింద నిలబడి ఫోన్ తీశాను, దేవుడేమీ చెప్పలేదు, పోనీ, చెప్పకపోయినా చేస్తాను, మూడు రింగులు, ఏంటే డ్యూటీలో ఉండి, అంది అక్క, వెనక గిన్నెల చప్పుడు, అక్కా, శనివారం నాకేం వినబడలేదు, ఏం వినబడలేదే అంది, ప్రభువు ఏమీ చెప్పలేదక్కా, నేనే అన్నాను, అందరూ చూస్తుంటే సిగ్గేసి, నువ్వలా చూస్తే చూడలేక, నోటికొచ్చింది అనేశాను, పేజీ తెల్లగానే ఉంది, గిన్నెల చప్పుడు ఆగింది, ఏమీ లేదు, ఊపిరి కూడా లేదు, నేను అడ్డుపడి ఏదో ఒకటి వాగి ఆ ఖాళీని నింపాలి, అదే కదా నా జబ్బు, పళ్ళు బిగించి ఊరుకున్నాను, ఛీ అంది చివరికి, దేవుడి పేరు పెట్టి, నా దగ్గరా, నీకు సిగ్గూ శరమూ లేదా, నీకు తల దువ్వి జడలేసి పెంచానే నేను, లేదక్కా అన్నాను, ఏడవకు, ఏడిస్తే చంపుతాను అంది, అంటే అది ఏదైనా కావచ్చన్నమాట, కావచ్చక్కా, కాకపోవచ్చు కూడా, నాకు తెలియదు, నిజంగా తెలియదు, ఎన్నింటికన్నావు అంది, పదకొండున్నర, ఎన్నో అంతస్తు, రెండు, వస్తున్నా, అక్కడే ఉండు, నీ సంగతి తర్వాత చెప్తాను, పెట్టేసింది, పై అంతస్తుకి ఫోన్ చేసి వస్తోందమ్మా, ఎవరికీ ఇవ్వకు అన్నప్పుడు రెండు నిమిషాలు తక్కువ పదకొండు.

బాబాయిగారి పరీక్ష పూర్తి చేశాను, ఈసారి వినబడనప్పుడు చేతులు ముడుచుకొని బుద్ధిగా కూర్చున్నాడు, కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం గుర్తులు, గీత కిందికి జారింది, చెవికి మిషను పెట్టాలి, ఆవిడకి చెప్తే ఏడుస్తుందనుకున్నాను, హమ్మయ్య, అంటే ఇన్నాళ్ళూ నామీద నిర్లక్ష్యం కాదన్నమాట అంది, నేను రెండేసి మెట్లు ఎక్కి పైకి పరుగెత్తాను, అక్క అప్పటికే వచ్చింది, కాళ్ళకి రెండు రకాల చెప్పులు, మొహం నిండా చెమట, నావంక చూడలేదు, నర్సు పిలిస్తే లేచింది, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది, అవునూ, ఐదు రోజులు నోరు మూసుకొని ఉన్నదానివి, ఇవాళ ఫోన్ చెయ్యమని నీకెవరు చెప్పారే అంది, ఎవరూ చెప్పలేదక్కా, నేనే చేశాను అన్నాను, నీ మొహం అంది, అని చెయ్యి చాచింది, పట్టుకున్నాను, చల్లగా ఉంది, తలుపు దాకానే రానిచ్చారు, లోపల అక్క ఏమండీ నెమ్మదిగా అనడం వినబడింది, తర్వాత తలుపు మూశారు.

బెంచీ మీద కూర్చున్నాను, సంచిలోంచి నోటుపుస్తకం తీశాను, శనివారం అందరి ముందూ ఒప్పుకోవాలి, చేసిన పాపం కుడి వైపు పేజీలోనే రాసుకొని చదువుదామని, పెన్ను మూత తీసి ఈ వారం పేజీ తెరిచాను, కుడి వైపు తెలుపు, ఎడమ వైపు నా గీతలు, ఆదివారం, ఫ్రిజ్ మోత, అక్కకి చెప్పెయ్యాలి, సోమవారం, కుళాయి, అక్కకి ఫోన్, మంగళవారం, మనసు నిలవట్లేదు, అక్క, బుధవారం, మళ్ళీ అక్క, ఫోన్ చెయ్యి ఫోన్ చెయ్యి అంటోంది, ధ్యానం చెడిపోయింది, ఇవాళ, అదే, దానికింద విసుగ్గా ఒక అడ్డగీత, నీకెవరు చెప్పారే అంది అక్క, పెన్ను చేతిలోనే ఉంది, కుడి వైపు రాయడానికి ఏమీ లేదు, రోజుకి పదిసార్లు చెప్తాను కదా, లీలగా వినబడినా, అనుమానంగా ఉన్నా నొక్కెయ్యండని, ఉరుములాంటి గొంతేదో వస్తుందని ఆరు వారాలు కాచుకు కూర్చున్నాను, ఆయనేమో నా గొంతుతోనే, వంటగదిలో, ఫ్రిజ్ మోతకీ కుళాయి చుక్కకీ మధ్య, ఐదు రోజులు పొద్దున్నే ఒకే మాట చెప్తూ వచ్చాడు, నేనే ఉండు ఉండు, దేవుడి మాట వినాలి అని పక్కకి నెట్టేశాను.